గట్టు వెనక నిలిపిన బండి

నా పేరు కిలిఫి మాఫిలేవో. తండ్రి పేరు ఫినావు మాఫిలేవో. వయస్సు ఇరవై నాలుగు. స్వస్థలం టోంగా దేశంలో వవాఉ దీవి. ప్రస్తుత నివాసం క్వీన్స్‌లాండ్, లాకియర్ లోయ, వెల్డన్ గారి లెట్యూస్ తోటలో కూలీల క్వార్టర్స్, మూడో గది, కిటికీ పక్క మంచం. చదువు చరిత్రలో బి.ఎ. వృత్తి అనే చోట కౌన్సిల్ ఆరోగ్య అధికారిణి నోలీన్ హాకెట్ గారు కలం ఆపి నా వైపు చూశారు. లెట్యూస్ కోత అని రాయమన్నాను. అది సగమే నిజం. మిగతా సగం కూడా రాయండి. మరుగుదొడ్డి బండి తోలేవాణ్ణి. నేను చేసిన తప్పంతా ఆ రెండో సగంలోనే ఉంది.

ఈ వాంగ్మూలం ఎవరి బలవంతమూ లేకుండా ఇస్తున్నాను. సోమవారం నోరు విప్పకుండా కూర్చోవడం కూడా ఎవరి బలవంతమూ లేకుండానే చేశాను.

ముందు ఆ బండి సంగతి. అది రెండు గదులున్న ట్రాలీ. ఒకటి ఆడవాళ్లకు, ఒకటి మగవాళ్లకు. తలుపులు రెండూ ఒకే వైపు. గదుల కింద మురుగు ట్యాంకు, పక్కన చేతులు కడుక్కునే నీళ్ల డబ్బా. మేం ఏ మడిలో కోస్తుంటే ఆ మడి దగ్గరికి ట్రాక్టరుతో లాక్కెళ్లి దాన్ని నిలపాలి. పనిచేసేవాళ్లకు దగ్గరగా ఉండాలి, సాగునీటికి దూరంగా ఉండాలి. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. ట్యాంకు ఖాళీ చేసే లారీ దాని పక్క దాకా రాగలగాలి. ఆ లారీవాళ్లు తప్ప ట్యాంకును ఎవరూ తెరవకూడదు. ఏ కాస్త కారినా, చూసినవాడు వెంటనే తన గుంపు లీడరుకు చెప్పాలి, లీడరు యజమానికి చెప్పాలి, చుట్టుపక్కల కోత ఆగిపోవాలి. ఇవి నాకు తెలియవని నేను అనడం లేదు. సీజను మొదట్లో పూటంతా కూర్చోబెట్టి నేర్పారు. చివర్లో పరీక్ష పెట్టారు. ఆ పరీక్షలో నేనే ఫస్టు. రాసింది ఇద్దరమే అన్న సంగతి ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పలేదు.

గుంపులో అందరూ నన్ను కెప్టెన్ అంటారు. పొద్దున్నే ట్రాక్టరు స్టార్ట్ చేయగానే, ఓడ ఇవాళ ఏ రేవుకని అడుగుతారు. నేను కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, సముద్రం చూసినట్టు లెట్యూస్ మడులు చూస్తాను. చూసేవాణ్ణి అని రాయండి.

మా గుంపు లీడరు పేరు లోసేలి. వయస్సు ముప్ఫై తొమ్మిది. మా పెదనాన్న కూతురు. అంటే కజినే కదా అన్నారు హాకెట్ గారు. మాకు అలాంటి చుట్టరికం లేదు. అక్క. అక్క అనే రాయండి. మా ఊరి నుంచి ఈ తోటకు వచ్చినవాళ్లందరం ఆమె పూచీ మీద వచ్చినవాళ్లమే. వచ్చే ఏడు ఎవరు రావాలో ఆమె చెబితేనే వెల్డన్ గారు పిలుస్తారు. ఇంటి దగ్గర ఆమెకు ముగ్గురు పిల్లలు, మంచం మీదున్న అత్తగారు. ఈ తోట పనే వాళ్లకు ఆధారం. ఇప్పుడు నేను చేసిన పనికి ఆమెను వెనక్కి పంపేయబోతున్నారు. వచ్చే ఆదివారం విమానం. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ కాగితం రాయిస్తున్నది దాన్ని ఆపడానికే. నన్ను మంచివాడిగా చూపించుకోవడానికి కాదు. ఆ ఆశ ఏమైనా మిగిలి ఉంటే ఇంకో రెండు పేజీల్లో పోతుంది.

ఇక మర్యాద సంగతి. హాకెట్ గారు అడిగారు కాబట్టి చెబుతున్నాను. మావాళ్లెవరికీ ఇది చెప్పే పని లేదు. మాలో అక్కచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ మధ్య ఒక దూరం ఉంటుంది. మగపిల్లవాడు మీసం రాకముందే అక్కల గది గడప తొక్కడం మానేస్తాడు. టీవీలో ముద్దు సీను వస్తే ఇద్దరిలో ఒకరు లేచి వెళ్లిపోతారు. ఎక్కువగా మగవాడే వెళతాడు, పందులకు మేత వేయాలని అప్పుడే గుర్తొచ్చినట్టు. ఒంటి సంగతులు అక్క వినగా ఎత్తకూడదు. దొడ్డి సంగతి అసలే ఎత్తకూడదు. అక్క అటు వెళ్లడం తమ్ముడు చూడకూడదు, తమ్ముడు వెళ్లడం అక్క చూడకూడదు. చూసినా చూడనట్టు ఉండడం సరిపోదు. చూసే పరిస్థితే రానివ్వకూడదు. అక్క ముందు ఇలాంటి మాట జారినవాణ్ణి ఊళ్లో ఎవరూ తిట్టరు. వాడి పక్కన కూర్చోవడం మానేస్తారు.

ఊళ్లో ఇది కష్టమేమీ కాదు. ఇళ్లకు వెనక దారులుంటాయి, అరటి చెట్లుంటాయి. లెట్యూస్ తోటలో ఏముంది? మోకాలి ఎత్తు కూడా లేని ఆకు, మైలు దూరం చదును నేల. దాని మధ్యలో తెల్లగా, ఎత్తుగా నా బండి. తలుపులు రెండూ కోసేవాళ్ల వైపే. మగవాళ్లం మధ్యాహ్నం భోజనానికి క్వార్టర్స్‌కు వెళ్లేదాకా బిగబట్టుకునేవాళ్లం. ఎవరికైనా తప్పకపోతే, ట్రాక్టరు టైరు చూసొస్తానని చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఆ టైరును ఆ సీజనులో చూసినన్నిసార్లు ఏ మెకానిక్కూ చూసి ఉండడు. దీని మీద నేను చాలా జోకులు వేశాను. అక్క లేనప్పుడే వేశాను.

ఇక్కడ సెప్టెంబరంటే వేసవి రాబోయే కాలం. ఎండ ముదిరింది. అప్పుడే ఒక విషయం గమనించాను. అక్క నీళ్లు తాగడం లేదు. పొద్దున నింపుకున్న సీసా మధ్యాహ్నానికీ నిండుగానే ఉండేది. అందరూ మూతి తుడుచుకుంటుంటే ఆమె సీసా మూత తిప్పి, పెదవులు తడుపుకుని, మళ్లీ బిగించేది. కారణం నాకు అర్థమైంది. అర్థమైనట్టు కనబడడం కూడా తప్పే కాబట్టి, అర్థం కానట్టు కోస్తూ ఉన్నాను. ఒకరోజు ఆమె నడుము పట్టుకుని మడి మధ్యలో మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. మా మేనమామ సాతేకి భార్య ఎమెలె పరుగెత్తి వెళ్లి నీళ్లు పట్టించింది. ఈ ఎండలో ఇలాగే ఉంటే ఎండుచేపవైపోతావని తిట్టింది. మగవాళ్లమంతా అటు తిరిగి నిలబడ్డాం. ఆ రాత్రి నేను భోజనం చేయలేదని రాస్తే బాగుంటుంది కానీ, చేశాను. కానీ బండి చోటు మార్చాలని భోంచేస్తూనే అనుకున్నాను.

ఏడో మడి పక్కన సాగునీటి కాలువ ఉంది. కాలువకూ మడికీ మధ్య ఎత్తైన మట్టి గట్టు. గట్టు వెనక, కాలువ వైపు, బండి పట్టేంత జాగా ఉంది. అక్కడ నిలిపితే మడిలోంచి ఏమీ కనబడదు. ఆడవాళ్లు ఈ చివర నుంచి, మగవాళ్లు ఆ చివర నుంచి వెళ్లొచ్చు. బుధవారం పొద్దున బండిని అక్కడికి లాక్కెళ్లాను. నీళ్లు పక్కనే ఉన్నాయని కళ్లతో చూశాను. అక్కడ పెట్టకూడదన్న ప్రశ్నకు పరీక్షలో సరైన జవాబు రాసింది కూడా నేనే.

సాతేకి మామయ్య గట్టెక్కి చూశాడు. మాలో మేనమామతో ఏ వేళాకోళమైనా ఆడొచ్చు.

"ఏరా కెప్టెన్, ఓడని నిజంగానే నీళ్లలో దింపుతున్నావా?" అన్నాడు.

"రేవు చూడు మామయ్యా, ఎంత చాటుగా ఉందో."

మామయ్య బూటు మడమతో నేలను నొక్కి చూశాడు. "చాటు సంగతి సరే. నేల మెత్తగా ఉందిరా."

"ఏడో మడి అయ్యేదాకానే కదా. రెండు మూడు రోజులు."

మామయ్య గట్టు దిగి పనిలోకి వెళ్లాడు. ఓ గంట తరువాత ఆయనే గట్టు వెనక నుంచి చర్చి కీర్తన పాడుకుంటూ వచ్చాడు. అంత తీరిగ్గా ఆయన నడవడం ఆ సీజనులో అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నానికి అక్క సీసా ఖాళీ అయింది. మళ్లీ నింపుకుని, అదీ తాగింది. చేసిన తప్పంతా చెబుతున్నాను కాబట్టి, అప్పుడు నాకు సంతోషం కలిగిన మాట కూడా రాయండి.

గురువారం ట్యాంకు ఖాళీ చేసే లారీ వచ్చింది. గట్టు దాటి దిగలేకపోయింది. డ్రైవరు దిగి చూసి, ఇదేం చోటయ్యా, నా పైపు ఇంత దూరం రాదు, పైకి లాగి ఫోన్ చెయ్, అని చెప్పి వెళ్లిపోయాడు. ట్యాంకు అప్పటికే నిండుగా ఉంది. ఆ పూటే లాగి ఉంటే సరిపోయేది. కానీ కోత మధ్యలో బండిని పైకి తెస్తే అందరి ముందూ మళ్లీ అదే పరిస్థితి. రేపు తెల్లవారుజామున, అక్క మడిలోకి రాకముందే లాగుదామనుకున్నాను. ఆ సాయంత్రం గాలివాన వచ్చింది. గంటకు మించి లేదు. మెత్తటి నేలకు గంట చాలు.

శుక్రవారం తెల్లవారగానే ట్రాక్టరు తీసుకుని వెళ్లాను. కాలువ వైపు చక్రం ఇరుసు దాకా దిగబడిపోయి ఉంది. బండి ఆ పక్కకు ఒరిగింది. ట్యాంకు మూత ఊడి పడింది. ట్యాంకు నుంచి కాలువ అంచు దాకా ఒక చార ఉంది, తడిగా, జానెడు వెడల్పున. వాసన గురించి రాయాలా అని హాకెట్ గారు అడిగారు. రాయండి. కొంచెం దిగువన మోటారు షెడ్డు ఉంది. మోటారు నడుస్తోంది. గట్టెక్కి చూస్తే ఏడో మడి మీద స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. పొద్దుటి ఎండ పడి, ఒక్కొక్క దాని మీద ఒక్కో చిన్న ఇంద్రధనుస్సు వేసింది. ఇది నేను అందంగా చెప్పాలని చెప్పడం లేదు. అవి ఉన్నాయి. వాటిని చూస్తూ నిలబడ్డాను. ఆ నీళ్లు ఎక్కడివో ఆ తోటలో నాకొక్కడికే తెలుసు.

మోటారు షెడ్డుకు తాళం ఉంది. తాళంచెవి వెల్డన్ గారి దగ్గర ఉంటుంది. ఆయనకు ఫోన్ చేయవచ్చు కదా అని హాకెట్ గారు మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ మెల్లగానే అడిగారు. చేయవచ్చు. ముందు లీడరుకే చెప్పాలని నేర్పారు. లీడరును దాటి నా దగ్గరికి రావద్దని వెల్డన్ గారు కూడా ఒకసారి విసుక్కున్నారు. ఆమెను దాటి యజమాని దగ్గరికి వెళ్లడం అక్కను తక్కువ చేసినట్టు. ఆమెకే చెబుదామంటే, ఏమని చెప్పాలి? ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి కారిందని చెప్పాలి? ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ వీటి వెనక భయం కూడా ఉంది. కారణాలు వరసగా నిలబడితే దాని మొహం కనబడలేదు, అంతే.

కాబట్టి ఏం చేశానంటే, బండిని ట్రాక్టరుతో పైకి లాగాను. పారతో మట్టి తీసి ఆ చారను కప్పేశాను. గట్టిగా తొక్కాను. చేతులు భుజాల దాకా సబ్బుతో కడుక్కున్నాను. పొద్దుటి ప్రార్థనకు వెళ్లి అందరితో పాటు ఆమెన్ అన్నాను.

ఏడు గంటలకు ఏడో మడిలో ఆ రోజు కోత మొదలైంది. స్ప్రింక్లర్లు అప్పటికి ఆగాయి. ఆకులు తడిగా ఉన్నాయి. నేనూ కోశాను. నా కత్తితో కోసి, పై ఆకులు తీసి, పెట్టెల్లో సర్దాను. లెట్యూస్‌ను పచ్చిగానే తింటారు, ఎవరూ ఉడికించరు. ఈ మాట ఆ పొద్దున నా తలలో ఆగకుండా తిరిగింది. ఉడికించరు. ఎవరూ ఉడికించరు. సాతేకి మామయ్యకు చెబుదామనుకున్నాను. ఆయన తన భార్యకు చెబితే, ఆమె అక్కకు చెబుతుంది. అది మర్యాదైన దారి. కానీ ఆ రోజు మామయ్యను ప్యాకింగ్ షెడ్డులో పనికి వేశారు. మధ్యాహ్నం భోజనాల దాకా రాడు. నేరుగా ఎమెలె అత్తకు చెప్పవచ్చు. ఆమె అక్క పక్కనే, ఒకే వరసలో కోస్తోంది, నేను ఏం చెప్పినా అక్కకు వినబడుతుంది.

అక్కకు ఒక అలవాటుంది. రోజూ కోత మొదలుపెట్టేటప్పుడు లోపలి ఆకు ఒకటి చించి నమిలి, చేదెక్కిందో లేదో చూస్తుంది. వెల్డన్ గారికి కూడా ఆమె నాలుక మీద నమ్మకం. ఆ రోజు కూడా ఒక ఆకు చించింది. నాకూ ఆమెకూ మధ్య రెండు వరసలున్నాయి. వద్దు అని ఒక్క మాట అరిస్తే చాలు. ఎందుకని అడుగుతుంది కదా అనుకున్నాను. ఆ ఎందుకు అన్న దానికి నా దగ్గర జవాబు ఉంది, దాన్ని చెప్పే నోరు లేదు. అందుకని నాకు వచ్చిన పనే చేశాను.

"మేకలు కూడా మేసే ముందు దండం పెట్టుకుంటున్నాయట అక్కా, మీరెందుకు ఆగరు?" అన్నాను.

మడి మొత్తం నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ఆకు నోట్లో పెట్టుకుని నమిలి, బాగుంది, కోయండి, అంది. నా జోకుకు ఎవరూ నవ్వకూడదని నేను కోరుకోవడం అదొక్కసారే.

ఆమె శనివారం, ఆదివారం కడుపునొప్పితో మంచం దిగలేదు. చర్చికి కూడా రాలేదు. ఆమెను చూసిన డాక్టరు గారు అది ఆ ఆకు వల్లనో కాదో చెప్పలేదు. నేను అడగలేదు కూడా. ఎలా అడుగుతాను?

ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర సాతేకి మామయ్యను చెట్టు పక్కకు తీసుకెళ్లి మొత్తం చెప్పాను. ఆయన చేతిలో కర్రపెండలం ముక్క ఉంది. అది తినలేదు, పారేయలేదు. విన్నంతసేపూ పట్టుకునే ఉన్నాడు.

"పొద్దున్నించి కోస్తూనే ఉన్నావు కదరా," అన్నాడు. నేరుగా తన భార్య దగ్గరికి వెళ్లాడు. ఎమెలె అత్త అక్క దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పింది. అక్క అప్పుడే టీ పోసుకుంటోంది. కప్పు కింద పెట్టి, జేబులోంచి ఫోన్ తీసి వెల్డన్ గారికి చేసింది. నేను పొద్దున్నించి చేయలేనిది ఆమె ఆ టీ చల్లారేలోపు చేసింది. మోటారు ఆపించింది, కోత ఆపించింది. లోడుతో బయలుదేరిన లారీని వెల్డన్ గారు దారిలోంచి వెనక్కి పిలిపించారు. ఆ రోజు కోసిన పెట్టెలన్నీ పారబోశారు. పరీక్షకు పంపిన ఆకుల్లో మురుగు ఉందని తేలాక, ఏడో మడిని మొత్తం దున్నేశారు. బయట ఎవరూ తినలేదు. హాకెట్ గారు ఈ వాక్యం రాసుకుంటూ నన్ను కొంచెం ఓదార్చినట్టే చూశారు. లోపల ఒకరు తిన్నారు కదా అని నేను అన్నాను.

వెల్డన్ గారు వచ్చి మడి గట్టున నిలబడి టోపీ తీశారు. ఆయన అరిచే మనిషి కాదు. పొద్దున్నే జరిగింది, మధ్యాహ్నందాకా మీవాళ్లలో ఒక్కరికీ తెలియలేదా అని అక్కను అడిగారు. నాకు ఇప్పుడే తెలిసిందంది. ఆయన తల ఊపారు కానీ నమ్మలేదు. ఆరేళ్లుగా ఆమె కంటపడకుండా ఈ తోటలో ఒక్క పెట్టె కూడా కదలలేదు. అందుకే నమ్మలేదు. నేను ట్రాక్టరు టైరు చూస్తున్నాను.

సోమవారం హాకెట్ గారు వచ్చారు. తోట ఆఫీసులో అక్కనూ నన్నూ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టారు. వెల్డన్ గారు కిటికీ దగ్గర నిలబడ్డారు. హాకెట్ గారి ప్రశ్న తప్పు లేని ప్రశ్న. "ఆ టాయిలెట్‌ని కాలువ పక్కన పెట్టిందెవరు? ట్యాంకు కారడం మొదట చూసిందెవరు?" అన్నారు.

ఆ మాట అక్క, నేను ఉన్న గదిలో పడింది. మా ఇద్దరి మధ్య అలాంటి మాట నా పుట్టుక నుంచి పడలేదు. నా చెవులు కాలాయి. అక్క తల వంచుకుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నేను చెప్పాల్సింది ఒక్క పదం. నేనే. కానీ అది చెబితే, తరువాత ఎందుకు పెట్టావు అంటారు. అక్క నీళ్లు తాగడం లేదని, ఎందుకు తాగడం లేదో నాకు తెలుసని, అక్క వింటుండగా చెప్పాలి. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. హాకెట్ గారు కాచుకుని, మళ్లీ అడగబోయారు. ఇంకోసారి, ఇంకా వివరంగా.

"నేనే పెట్టించాను. ఆలస్యం కూడా నాదే. ఇక చాలు," అంది అక్క.

ఆమె తప్పు ఒప్పుకోవడానికి అలా అనలేదు. ఆ మాటలు ఆగిపోవాలని అంది. తమ్ముణ్ణి ఆ కుర్చీలోంచి లేపడానికి అంది. హాకెట్ గారు రాసుకున్నారు. అక్క సంతకం చేసింది. నేను ఆమె వెనకే బయటికి వచ్చాను, పది అడుగుల దూరంలో, మర్యాదగా. నా మర్యాదకు ఏ లోటూ రాలేదు. ఈ వాక్యం అలాగే ఉంచండి.

ఈ ఉదయం వచ్చి, నిజం వేరే ఉందని హాకెట్ గారితో చెప్పాను. ఆవిడ, "సరే, నీ వాంగ్మూలం రాసుకుంటాను. కానీ మీ అక్క సంతకం చేసిన కాగితం నా దగ్గర ఉంది. ఆమె విని, తన మాట వెనక్కి తీసుకోవాలి," అన్నారు. ఇబ్బందైతే వేరే గదిలో చదివి వినిపిస్తానని కూడా అన్నారు. అది మంచి ఏర్పాటు. నేను వెంటనే సరేనన్నాను. తరువాత వద్దన్నాను. ఎందుకంటే నిన్న అక్క ఎమెలె అత్తతో అన్న మాట నాకు తెలిసింది. వాడు ఏదో రాసిచ్చి నన్ను కాపాడాలని చూస్తాడు, వాడు ఏం రాసినా అబద్ధమనే చెబుతాను, అందట. వేరే గదిలో చదివితే అలాగే చెబుతుంది. నేను ఎదుటే ఉంటే అలా చెప్పడం ఆమె వల్ల కాదు. అక్క వినగా ఇలాంటి సంగతి ఎత్తిన తమ్ముడు అబద్ధం కోసం ఎత్తడని మావాళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నా మాటకు ఇంతకంటే సాక్ష్యం నా దగ్గర లేదు. ఆమెను పిలిపించమన్నాను. ఇదే గదిలోకి.

బండిని కాలువ పక్కన నిలిపింది నేను. లారీకి అందేలా పైకి లాగనిది నేను. కారింది చూసి మట్టి కప్పింది నేను. తెలిసీ కోసింది నేను. లోసేలికి మధ్యాహ్నం దాకా ఏమీ తెలియదు. ఆమె చేసిందల్లా నీళ్లు తాగకుండా ఉండడం, ఒక ఆకు తినడం, ఒక ఫోన్ చేయడం, నన్ను కాపాడడం. నన్ను పంపించేయండి. ఆమెను ఉంచండి. మురుగు కారితే ముందు లీడరుకే చెప్పాలన్న నిబంధన మంచిదే కానీ, మా లాంటి గుంపులో మగవాళ్లు చెప్పుకోవడానికి ఇంకొకరి పేరు కూడా పెట్టండి. బండి తలుపులు రెండూ చెరో వైపు ఉన్నవి తెప్పించండి. ఇవి అడిగే హక్కు నాకు లేదు. ఎవరో ఒకరు అడగాలి కాబట్టి అడుగుతున్నాను.

చదివి వినిపించిన తరువాత చేర్చినది:

పైన ఉన్నదంతా బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు తోట ఆఫీసులో హాకెట్ గారు గట్టిగా చదివారు. నేను, అక్క, ఇద్దరం విన్నాం. అక్క గోడ వైపు తిరిగి కూర్చుంది. నీళ్ల సీసా సంగతి వచ్చినప్పుడు ఆమె వీపు కదిలింది. ఏడ్చిందో నవ్విందో నేను చెప్పలేను, చూడలేదు. నేను లేచి వెళ్లలేదు. పందులకు మేత వేయాలని గుర్తు రాలేదు. చదవడం అయ్యాక, ఇందులో తప్పేమైనా ఉందా అని హాకెట్ గారు ఆమెను అడిగారు. ఆమె గోడ వైపు చూస్తూనే, హాకెట్ గారికే జవాబు చెప్పింది.

"సోమవారం నేను చెప్పింది కొట్టేయండి. వీడు చెప్పిందే నిజం. ఒక్క చోట మాత్రం సరిచేయాలి. నాతో చెప్పలేకపోయానని రాయించాడు. ఇప్పుడు చెప్పాడు కదా. అది కూడా రాయండి."

రాశారు. ఇందులో నేను కలిపినది గానీ దాచినది గానీ ఏమీ లేదు. అక్క ఈ గదిలో ఉండగానే సంతకం చేస్తున్నాను.

(సంతకం) కిలిఫి మాఫిలేవో

విన్నాను, ఒప్పుకున్నాను: (సంతకం) లోసేలి